చీఫ్ ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

ఎండాకాలం వస్తే మా వీధిలో ఒకటే మాట: "ఏసీ వేస్తే ఎంసీబీ పడిపోతోంది." ఎలక్ట్రీషియన్ వచ్చి 16 ఆంప్స్‌ది తీసి 32ది బిగిస్తాడు. గోడలో వైరు మాత్రం పాతదే, 1.5 చదరపు మిల్లీమీటర్లది. మా ఇంట్లోనూ అదే చేశారు. మాడిన వాసన వచ్చాకగానీ మాకు తెలియలేదు.

ఎంసీబీ ముందుగా కాపాడేది వైరుని. మన ఎండల్లో, గోడలోని పైపులో ఉన్న 1.5 రాగి వైరుకి 10 ఆంప్స్ చాలు. 2.5కి 16 లేదా 20, 4కి 25. 32 పెడితే వైరు కాగిపోతున్నా అది పడదు. ఎంసీబీ మాటిమాటికీ పడుతోందంటే వైరు మార్చాలి, లేదా లోడు తగ్గించాలి.

కొత్త కనెక్షన్ ఇచ్చేముందు ప్రతి బోర్డు తలుపు మీద ఏ ఎంసీబీ కింద ఏ సైజు వైరుందో తెలుగులో రాయించేలా ఆదేశాలివ్వండి.

ఇట్లు,
ఒక గృహ వినియోగదారు