దిగకుండా వెనక్కి తిరిగితే తప్పా?

అరకులోయలో చలికాలం పొద్దున తొమ్మిదైనా మంచు విడవదు. టూరిస్టులకు అది సెల్ఫీ. మంత్రిగారి హెలికాప్టర్ కోసం మైదానంలో నీళ్లు చల్లి, సున్నంతో ‘హెచ్’ గీసి ఎదురుచూసే పోలీసులకు మాత్రం గుబులు. పైన చప్పుడు వినబడుతుంది, యంత్రం కనబడదు.

2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ జీఎంసీ బాలయోగి భీమవరం నుంచి బయల్దేరిన బెల్ 206 హెలికాప్టర్‌కూ మసక వాతావరణమే అడ్డొచ్చింది. కైకలూరు దగ్గర కొవ్వాడలంకలో దించబోయారు. గట్టి నేల అనుకున్నది తీరా చూస్తే చేపల చెరువు. మళ్లీ పైకి లేపబోతే కొబ్బరిచెట్టు తగిలింది. అందులోని ముగ్గురూ చనిపోయారు.

చిన్న విమానాలదీ ఇదే గండం. 2023 సెప్టెంబర్ 14న విశాఖ నుంచి ముంబై వెళ్లిన లియర్‌జెట్ 45 జోరువానలో దిగుతూ రన్‌వే పక్కకు జారి విరిగిపోయింది. అప్పుడు చూపు ఆనేది 700 మీటర్లే. ఎనిమిది మందీ గాయాలతో బతికి బయటపడ్డారు. ముంబైలో పరికరాల సాయమైనా ఉంది. ఆ పరికరాల సాయంతో, అంటే మామూలు ఐఎల్ఎస్ పద్ధతిలో దిగే పైలట్‌కు దాదాపు 200 అడుగుల ఎత్తుకు వచ్చేసరికి రన్‌వే గుర్తులు కనబడాలి. లేదంటే ‘గో అరౌండ్’, అంటే దిగడం మానేసి మళ్లీ పైకి లేవాలి.

కొండల్లో ఆ సాయం కూడా ఉండదు. అరకుకు అవతల ఒడిశా జయపురంలో తొమ్మిది సీట్ల సెస్నా కారవాన్ దిగే రన్‌వే విశాఖ రన్‌వేలో సగం కూడా లేదు. అక్కడ కళ్లతో చూసి దిగాల్సిందే. పైగా ఎత్తు ప్రదేశంలో గాలి పలచన కాబట్టి చక్రాలు నేల తాకేటప్పుడు వేగం ఎక్కువ, ఆగడానికి దూరమూ ఎక్కువే కావాలి.

వీటన్నిటికీ తోడు, మన దగ్గర పైలట్ మీద ఇంకో బరువుంది: వెనక సీట్లో పెద్దమనిషి, కింద జనం, సభకు మించిపోతున్న టైం. బాలయోగి ప్రయాణంలో అలా జరిగిందని కాదు. కానీ వాతావరణం బాగోలేదని సర్వీసు రద్దయితే విసుక్కునేదీ, హెలికాప్టర్ వెనుదిరిగితే ‘అధికారుల వైఫల్యం’ అని రాసేదీ మనమే (పత్రికలవాళ్లూ తక్కువేం తినలేదు).

కొండమీద సభ పెట్టేవాళ్లు హెలిప్యాడ్‌తోపాటు విశాఖలో కారునూ సిద్ధంగా ఉంచాలి. అనంతగిరి ఘాట్ మీదుగా అరకు మహా అయితే మూడు, నాలుగు గంటలు. ఆ టైం కార్యక్రమంలో ముందే కలిపి వేస్తే, వెనక్కి తిరగడానికి పైలట్ ఎవరి మొహమూ చూడనక్కర్లేదు.