సలాదిన్ ప్రక్కన నిలిచిన క్రైస్తవుడు

సిలువ యుద్ధాలు అనగానే క్రైస్తవులంతా ఒక ప్రక్క, ముస్లిములంతా ఒక ప్రక్క నిలిచి పోరాడారని అనుకుంటాము. ప్రియ పాఠకులారా, 1963లో ఐగుప్తు దర్శకుడు యూసుఫ్ షహీన్ తీసిన 'అల్ నాసిర్ సలాహుద్దీన్' అనే అరబ్బీ చిత్రం ఆ లెక్కను ఒప్పుకోదు. 1187లో యెరూషలేమును పట్టుకున్న సుల్తాను సలాదిన్ కథ అది. షహీన్ మాత్రం అలెక్సంద్రియలో క్రైస్తవ కుటుంబంలో పుట్టినవాడు.

చిత్రంలో సలాదిన్ ప్రక్కనే ఈసా అనే అరబ్బు క్రైస్తవ యోధుడు ఉంటాడు. దండెత్తి వచ్చినవారిదీ సిలువే, ఇతనిదీ సిలువే. అయినా తన దేశస్థులతోనే నిలుస్తాడు.

చరిత్రలోని ఈసా వేరు. సలాదిన్ కొలువులోని ఇబ్న్ షద్దాద్ వ్రాసినదాని ప్రకారం అతడు ముస్లిము, గజ ఈతగాడు. పశ్చిమ సైన్యాలు అక్కో పట్టణాన్ని (పౌలు ఒక దినం ఆగిన తొలెమాయి ఇదే, అపొ.కా. 21:7) ముట్టడించినప్పుడు, బంగారు నాణేలూ ఉత్తరాలూ నడుముకు కట్టుకుని రాత్రిపూట శత్రువుల ఓడల క్రిందుగా ఈది లోపలివారికి చేర్చేవాడు. ఒక రాత్రి మునిగిపోయాడు. శవం ఒడ్డుకు కొట్టుకువచ్చింది, నడుమున సొమ్ము అలాగే ఉన్నది.

నాసర్ పాలనలో తీసిన చిత్రం కదా, అరబ్బులంతా ఒక్కటే అని చూపడానికి ఈసాను క్రైస్తవుణ్ణి చేశారు. అలా దిద్దడం మాకు నచ్చలేదు. ఆ ఈతగాని అసలు కథే గొప్పది. అయితే అక్కడ క్రైస్తవులు లేరనలేము. ఐగుప్తు, సిరియా సంఘాలు ఆ యుద్ధాలకు ముందే ఉన్నాయి, నేటికీ ఉన్నాయి. సిలువ గుర్తు ధరించిన సైన్యమే 1204లో క్రైస్తవ పట్టణమైన కాన్‌స్టాంటినోపిల్‌ను కూడా దోచుకున్నది. అన్నట్టు, ఆనాటి అరబ్బు చరిత్రకారులు ఆ వచ్చినవారిని ఎక్కువగా పిలిచిన పేరు 'ఫ్రాంకులు'.