యంత్ర మిచ్చిన చాలునా?

నవవిధభక్తులలో శ్రవణము మొదటిది. మొన్న బీదబిడ్డలకు శ్రవణయంత్రము లిచ్చుటకై జరిగిన గానసభకు మేమును బోయి, శక్తికొలది చందా యిచ్చితిమి. మా ప్రక్కన నొక తల్లి యొడిలో నాలుగేండ్ల బాలుడు. చెవికి యంత్రమున్నను వీణానాదమునకు తల త్రిప్పలేదు. కారణ మడిగితిమి.

“నిరుడిచ్చారమ్మా; బ్యాటరీ అయిపోయి నెల దాటింది.”

ఇచ్చితిమను తృప్తి యంతలో నుడిగెను. ఆ చిన్న బ్యాటరీ తరచు వారము, రెండు వారములలోనే తీరిపోవును. కూలిజనము మాటిమాటికి కొనగలరా?

సోదరీమణులారా! యంత్రముతోపాటు ఏడాది బ్యాటరీలకును సొమ్మిండు. శిశువునకు 1 నెలలోపల వినికిడి పరీక్ష చేయింపుడు; లోపమున్నచో 6 నెలలలోగా చికిత్స మొదలిడిన మాటలు చక్కగా వచ్చును. చీము కారు చెవిలో నూనె పోయకుడు. మేము మరునాడే ఆ బాలునకు బ్యాటరీలు పంపితిమి.