గాజుల ఎరుపు, మీనారుల నీడ

హైదరాబాదు లాడ్‌బజారులో గాజులు బేరమాడునపుడు ఒక చిన్న తంతు జరుగుచుండును. దానిని చూడనివారు తక్కువ. దానినిగూర్చి ఆలోచించినవారు అంతకంటె తక్కువ. గడచిన వేసవిలో మా మనుమరాలి పెండ్లికి లక్కగాజులు కొనుటకై ఆ వీథికి పోయితిమి. పట్టపగలైనను దుకాణపు పైకప్పునిండ దీపములు వెలుగుచుండెను. గాజులకు పొదిగిన అద్దపుముక్కలును రాళ్లును మిలమిల మెరయుచు, ఏది ఎంచుకొనవలెనో తెలియక కన్నులు చెదరునట్లుండెను. పిల్ల పెండ్లిచీరకు జోడుగా ఒక ఎర్రజతను ఏరుకొని, అటునిటు త్రిప్పి చూచి, "తాతయ్యా, ఇది ఎరుపా, ఇటుకరంగా?" అని నన్నడిగెను. నేను చెప్పలేకపోతిని. దుకాణదారు ఏమియు నొచ్చుకొనక, "లోపల లైట్లల్ల తెల్వదమ్మా, బయటికొచ్చి ఎండల చూడుండ్రి" అని జతను అరచేతిలో పెట్టుకొని తానే గడప దిగెను. ఎండ సోకగనే ఆ గాజులు దానిమ్మగింజలవలె తమ రంగును తాము తెచ్చుకొన్నవి. "ఇగో, అసల్ రంగు గిది" అని అతడు చెప్పిన మాటలో వర్తకుని చాతుర్యముకంటె పనివాని నిజాయితీయే నాకు హెచ్చుగా కనబడినది.

తన సరకునకు మెరుపు రావలెనని డబ్బు పోసి దీపములు బిగించుకొన్న మనుష్యుడు, ఆ సరకు నిజస్వరూపము చూపవలసివచ్చినపుడు దీపము లేని చోటికి మమ్ములను తీసికొనిపోయెను. పాతనగరపు పురాతన కట్టడములకు దీపములు అమర్చుటలో మనము పడియున్న చిక్కంతయు ఆ గడపమీదనే ఉన్నదని నాకు తోచినది.

తెల్లని ఎల్.ఇ.డి. దీపము లోపల నిజముగా తెల్లనిది కాదు. దాని చిప్పు వెదజల్లునది నీలికాంతి. చిప్పుపై పూసిన ఫాస్ఫరు పూత ఆ నీలములో కొంతభాగమును పసుపుగా మార్చగా, రెండును కలిసి మన కంటికి తెలుపను భ్రాంతిని కలిగించును. ఆ నీలికాంతిని సాధించినందులకు జపానులో పుట్టిన అకసాకి, అమానో, నకమురా అను ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2014లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. లభింపదగినదే. పాతకాలపు తీగెబల్బు ఒక వాట్టునకు పదునైదు లూమెన్ల వెలుగునిచ్చుచుండగా, నేటి ఎల్.ఇ.డి. నూరు దాటి ఇచ్చుచున్నది. మన నగరపాలకసంస్థ లక్షలకొలది వీథిదీపములను వీనితో మార్పించినదన్నచో అందులకు కారణము వేరుగా వెదకనక్కరలేదు. కాని నీలమును పసుపును కలిపి చేసిన ఈ తెలుపులో ఎరుపు పాలు స్వల్పము. దీపము రంగులను ఎంత నిజముగా చూపునో కొలుచుటకు సి.ఆర్.ఐ. అను కొలమానము కలదు. ఎనిమిది లేతరంగుల నమూనాలను దీపముక్రింద ఉంచి, సగటు తీసి, నూటికి ఇన్ని మార్కులని వేయుదురు. గాఢమైన ఎరుపు తొమ్మిదవ నమూనా. అది ఆ సగటులో చేరదు. కావున పెట్టెమీద 80 అని గర్వముగా అచ్చువేయించుకొన్న దీపమే ఎరుపు విషయమున సున్నకు ఇంచుమించుగా ఉండవచ్చును. పరీక్షలో కష్టమైన ప్రశ్నను వదలి మార్కులు వేయించుకొనెడి విద్యార్థివంటిదన్నమాట. 2024లో హైదరాబాదు లక్కగాజులకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ గుర్తింపు పొందిన ఎరుపును చూపగల దీపము మాత్రము ఆ వీథిలోని చాల దుకాణములలో నేటికిని లేదు.

గాజులకు ఎండ కలదు. రాత్రియందు చార్మినారునకు ఎవరు గడప దాటించి నిజమైన వెలుగు చూపుదురు?

ఈ నగరము పుట్టినప్పటినుండి దీపములను ప్రేమించిన నగరమే. 1591లో చార్మినారును కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా, మూడేండ్లకే బాద్షాహీ అషూర్‌ఖానాను కట్టించెను; మొహర్రము రాత్రులలో అచట వరుసలు వరుసలుగా నూనెదీపములు వెలిగించెడివారని చెప్పుదురు. అచటి గోడలమీది పింగాణీ పలకల నీలములు, పసుపులు కదలెడి జ్వాలల ముందు ఎట్లుండెడివో ఊహించుకొనుటకు మనకిపుడు శక్తి చాలదు. తరువాత గ్యాసుబత్తీలు వచ్చినవి. బారాతుల ముందు తలలమీద పెట్టుకొని నడచెడివారిని నా బాల్యమున నేనును చూచితిని. 1920లో హుస్సేన్‌సాగరు ఒడ్డున బొగ్గు విద్యుత్కేంద్రము వెలసినది. చౌమహల్లా ప్యాలెసులోని ఖిల్వత్ దర్బారులో 19 బెల్జియం గాజు షాండ్లియర్లు వ్రేలాడుచున్నవి. గాజుపలకలనుండి చీలివచ్చిన వెలుగు ఆ సున్నపు నగిషీలమీద పడి చిన్నచిన్న నీడలను రాల్చుటను ఎవరైనను అచట పదినిముషములు నిలువబడి చూడవచ్చును. అందరును షాండ్లియరునే చూచి వెడలిపోవుదురు. నేను నీడలను చూడుమందును.

ఏలయన, డంగుసున్నముతో గచ్చుపని చేసిన ఆనాటి శిల్పి చేతిలో సున్నమొక్కటే లేదు, నీడయు ఉన్నది. చార్మినారు కమానులమీది పూలు, మీనారులను చుట్టివచ్చిన నడవల క్రింది పద్మదళములు, పిట్టగోడల జాలీలు వ్రేలిమందముకంటె ఎక్కువ లోతు లేకయే అంత ఘనముగా కనబడుటకు కారణము, సూర్యుడు ఆకాశమునుండి ఏటవాలుగా వెలుగు విసరి ప్రతి రేకు క్రిందను ఒక సన్నని నల్లనిగీత గీయుటయే. వెలుగు పైనుండి వచ్చును, నీడ క్రిందికి పడును అని నమ్మి అతడు ఉలిని నడపెను. మనమిపుడు నేలమీద ఫ్లడ్‌లైట్లు పాతి వెలుగును క్రిందినుండి పైకి చిమ్ముచున్నాము, నీడలన్నియు తలక్రిందులైనవి. పిల్లలు చీకటిలో గడ్డముక్రింద టార్చిలైటు పెట్టుకొని దయ్యములవలె బెదరించుట మనమందరము ఎరిగినదే. నాలుగు శతాబ్దులు దాటిన కట్టడమునకు అదే వేషము వేయుట న్యాయమా? ఎదురుగా నిలిపి సూటిగా వేసిన దీపములు మరియొక విధముగా చెడుపుచేయును: అవి నీడనే తుడిచివేయగా, గచ్చుపూలు కాగితముపై అచ్చువేసిన బొమ్మలవలె చదునుబారిపోవును.

రంగు సంగతి సరేసరి. దీపపు తెలుపును కెల్వినులలో కొలుతురు. కొవ్వొత్తి 1900, తీగెబల్బు 2700, ఆస్పత్రి వరండాలలో మనము చూచెడి చల్లని తెలుపు 6500. అంకె పెరిగినకొలది వెలుగు చల్లబడుననుట వినుటకు వింతయే. సున్నపుగోడ కాలక్రమమున మీగడరంగునకు తిరుగును. 3000 లోపలి దీపము దానిని తేనెవలె చూపును, 6500 దీపము దానిని వెలవెలబోయిన రోగివలె చూపును. ప్రక్కనే యున్న మక్కామసీదుది మరియొక స్వభావము. అది నల్లసేనపు రాతికట్టడము. కుతుబ్‌షాహీల కాలమున మొదలై 1694లో ఔరంగజేబు ఏలుబడిలో ముగిసినది. సున్నమునకు నప్పిన తెలుపే ఆ రాతికి నప్పునని ఎవరును నిర్ణయింపరాదు. రెండింటిని ప్రక్కప్రక్కన చూచి తేల్చవలెను. ఇక ఎరుపు, పచ్చ, నీలము, ఊదా అను రంగులు నిముషమునకొకటి మారెడి యంత్రములు వచ్చినవి. కంప్యూటరునుండి మీట నొక్కిన కట్టడమంతయు ఊసరవెల్లి యగును. స్వాతంత్ర్యదినమున మూడురంగులు వేసినను, రొమ్ముక్యాన్సరుపై అవగాహనకై ఒకనాడు గులాబిరంగు వేసినను నాకు ఆక్షేపణ లేదు. పండుగనాడు కొత్తబట్ట కట్టించినట్లది. ప్రతిరాత్రియు అదే వేషమైనచో పండుగకు విలువేమి?

దీపములను ఎట్లు కొనుచున్నాము, ఎట్లు బిగించుచున్నాము అనునది ఇంతకంటె కఠినమైన ప్రశ్న. ఒక పాతకట్టడము వెనుకభాగమున సగము దీపములు ఆరిపోయియుండగా, నిచ్చెనమీదనున్న ఎలక్ట్రీషియనును కారణమడిగితిని. "లైటు మంచిగనే ఉన్నది సార్, డ్రైవర్ పోయింది" అనెను. డ్రైవరు ఎక్కడికి పోయినాడని నేను అమాయకముగా అడుగగా, అతడు నవ్వు ఆపుకొని, అరచేయంత పెట్టెనొకదానిని విప్పి చూపెను: ఇంటి కరెంటును చిప్పునకు తగినట్లు మార్చియిచ్చు పరికరము, దానిలో ఉబ్బిపోయిన ఒక చిన్న కెపాసిటరు. ఎండవేడికి లోపలి రసాయనము ఆరిపోవుటయే దాని మరణకారణము. దీపపుపెట్టెమీద 50,000 గంటలని వ్రాసియుండును. రాత్రికి ఆరుగంటల లెక్కన ఇరువదిరెండేండ్లు దాటవలెను. ఆ ఆయుర్దాయము చిప్పునకు చెప్పినది, డ్రైవరునకు కాదు. చల్లని ప్రయోగశాలలో లెక్కించినది, మన మే నెలలో కాదు. టెండరులో దీపములెన్ని, వాట్లెన్ని, బిగించుటకెంత అని ఉండునేగాని, అయిదవ సంవత్సరమున ఈ డ్రైవరును మార్చువారెవరు, అప్పటికి అదే రకము దొరకునా అను మాట అరుదుగా ఉండును. దొరకిన దానిని దొరకినట్లు బిగింపగా, ఒకే కమానులో మూడురకముల తెలుపులు కనబడుచుండును. దీని నెవరును తప్పుగా లెక్కింపరు. దీపము వెలుగుచున్నది కదా!

బిగించుట సంగతి చెప్పుటకు మనసు రాదు. అదే కట్టడమున, చెక్కినరాతి స్తంభమునకు డ్రిల్లుతో తూటు పొడిచి దిగవేసిన ఇనుపబోల్టునొకదానిని తడిమి చూచితిని. దానినుండి క్రిందివరకు త్రుప్పు చారగా కారి యున్నది. చుట్టును రాయి పెచ్చులు లేచియున్నది. త్రుప్పుపట్టిన ఇనుము ఉబ్బును, ఉబ్బి తన్ను పట్టుకొన్నదానినే పగులగొట్టును. రాయియే ఓర్వలేనిచోట సున్నమేపాటి? 2019 మే నెలలో చార్మినారు మీనారునుండి గచ్చుపెచ్చొకటి ఊడిపడినపుడు నగరమంతయు ఉలికిపడినది. దానికి దీపములు కారణమని నేననుట లేదు. ఆ సున్నము ఎంత సుకుమారమైనదో నాడు అందరికిని తెలిసినదనుచున్నాను. చార్మినారునకు 1958 నాటి పురాతన కట్టడముల చట్టపు రక్షణ కలదు. 1908 మూసీ వరదల తరువాత ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ కట్టించిన పత్తర్‌గట్టీ రాతికమానులకు అంత గట్టి రక్షణ లేదు. అచట ప్రతి దుకాణదారును తన బోర్డు, తన తీగె, తన ఫోకస్‌లైటు తానే తగిలించుకొనును. కమాను వంపు ఎక్కడున్నదో వెదకి పట్టుకొనవలసియున్నది.

ఇందులకు వర్తకులనొక్కరినే నిందించుట సరికాదు. రంజానునెల రాత్రులలో మదీనా చౌరస్తానుండి చార్మినారువరకు తెల్లవారుజామువరకు జనము నడచుచుండును. బోనాలకు లాల్‌దర్వాజాలో సీరియల్‌బల్బుల తోరణముల క్రింద ఘటము కదలును. "లైటింగు పెట్టినం" అను మాటలో ఆ గల్లీవాసులకు ఎంత సంబరమున్నదో విన్నవారికి తెలియును. ఆ సంబరము పదిదినములుండి దిగిపోవును, కట్టడమునకు మేకు కొట్టదు. రాత్రి పొద్దుపోయి ఇండ్లకు చేరెడి ఆడువారికి గల్లీలో దీపము అవసరము. సౌందర్యము పేర దానిని తగ్గింపుమని ఎవరన్నను నేనొప్పుకొనను. నడచువాని కాళ్లముందు పడవలసిన వెలుగు వాని కన్నులలో పడుచున్నదనియే నా మొర. కన్నులు చెదరిన మనుష్యునికి ప్రక్కసందు మరింత చీకటిగా తోచును. పోటీకి పొరుగుదుకాణము ఇంకొక దీపము పెంచును. అట్లు పెరిగినది ఆకాశమునకును ప్రాకినది. నక్షత్రములను లెక్కించిన వేలాది సామాన్యుల పరిశీలనలనుబట్టి, 2011 మొదలు 2022 వరకు రాత్రియాకాశపు వెలుగు ఏటికి దాదాపు నూటికి పదివంతున పెరుగుచున్నదని 2023లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి.

ఫ్రాన్సు దేశమున లియాన్ నగరము 1989లోనే నగరమంతటికిని ఒక దీపప్రణాళిక వ్రాసికొనినది: ఏ వంతెన వెలుగవలెను, ఏ గోపురము వెలుగవలెను, వాని నడుమ ఏది మసకగా ఉండవలెను అని. జపానులో క్యోటో నగరము 2007లో మేడలపై బోర్డులను, మిణుకుమిణుకుమను దీపపుప్రకటనలను నిషేధించినది. అచటివారి వర్తకమేమియు మూతపడలేదు. మనకును 2010లో భారత ప్రమాణముల సంస్థ వెలువరించిన జాతీయ దీపసంహిత కలదు; జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయమున ఈ విద్యనే ప్రత్యేకముగా నేర్పుచున్నారు. అట్లు చదివినవారిని పిలుచుట మానుకొని, దీపములమ్మెడివానినే ఎన్ని దీపములు కావలెనో చెప్పుమని అడుగుచున్నాము. ఎన్ని చెప్పునో ఊహించుట కష్టము కాదు.

చార్మినారునకు చేరువనున్న గుల్జార్ హౌజు చుట్టునున్న నాలుగు కమానులలో ఒకదానిని మాత్రము ఎంచుకొనుడు. టెండరునకు ముందు, అంగళ్లు మూసిన తరువాత ఒక రాత్రి, గోడకు మేకు తగులకుండ వెదురుగడలు నిలిపి, వానికి నాలుగురకముల దీపములు కట్టి, ఒక్కొక్కదానినే వెలిగించి చూడుడు. తాళ్లతో పైకి క్రిందికి జరిపి, నీడ ఎక్కడ కుదురుకొనునో చూడుడు. ఇంజనీరును, పురావస్తుశాఖవారిని, డ్రైవరు మార్చవలసిన ఎలక్ట్రీషియనును రప్పింపుడు. దీనికగు ఖర్చు ఒక ప్రారంభోత్సవ వేదిక ఖర్చులో పదవవంతుకూడ కాదు. లాడ్‌బజారునుండి గాజులవర్తకునొకనిని కూడ పిలువుడు; ఎరుపు పోయినదో లేదో చెప్పుటకు ఆయనకు ఏ మీటరును అక్కరలేదు.