చీర లెక్కలో కనబడని పని

జీతములు పలువిధములు. ఆఫీసు ఉద్యోగికి నెల జీతము. అందులో మూలవేతనము, కరువు భత్యము, ఇంటి అద్దె వేర్వేరు పద్దులు. భివండి మరమగ్గముల మీద మనవారికి మీటరు లెక్క. చేమగ్గమునకు చీర లెక్క. 1948 నాటి కనీస వేతనముల చట్టము కాలమును బట్టియు, పనిని బట్టియు రేట్లు నిర్ణయింపవచ్చునన్నది. 2019 నాటి వేతనముల స్మృతియు అట్లే చెప్పుచున్నది.

చీర లెక్క చెడ్డదని మేము అనము. ఇంటిపట్టున నేయువానికి అదే అనుకూలము. కాని చీరకింత అని ఒక్క అంకె వ్రాసినచో అందులో ఎవరి పని ఎంతయో తెలియదు. కండెలు చుట్టునది ఇల్లాలు. పడుగు అతుకు దినములలో మగ్గము ఆడదు, మజూరీయు లేదు. వానకాలమున గుంటలో నీరూరినను అంతే. పుస్తకములో పేరు మాత్రము మగ్గమెక్కినవానిది ఒక్కనిదే!

కావున మన సంఘముల పాసుపుస్తకములలో నేత మజూరీ, అతుకు కూలి, కండెల కూలి విడివిడిగా వ్రాసి, కండెల కూలిని చుట్టినవారి చేతికే ఈయవలెనని మా అభిప్రాయము. మొత్తము పెరగనిదే విడగొట్టి లాభమేమని కొందరు కార్యదర్శులు అడుగుచున్నారు. విడగొట్టనిదే ఎచ్చట ఎంత తక్కువయో తెలియునా? రేటు పెంచుమని అడుగబోవునపుడు చేత నుండవలసినది ఆ పద్దులే. వచ్చే సర్వసభ్య సమావేశమునకు ముందు ఒక్క నెల అట్లు వ్రాసి చూడుడు.