వేలికి పెట్టే మీటరు ఒక్కటే చాలదు

కరోనా కాలంలో, అంటే 2020, 2021 సంవత్సరాల్లో, వేలికి తగిలించి చూసే ఆక్సిజన్ మీటరు పల్లెల్లో కూడా అందరికీ పరిచయమైంది. అంకె తగ్గితే ఆసుపత్రికి పోవాలన్న సంగతి చదువురాని వారికి సైతం తెలిసింది. అయితే ప్రాణం మీదకు వచ్చిన రోగికి ఆ ఒక్క మీటరు చాలదు. బయటికి వదిలే ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును కూడా కొలవవలసి ఉన్నది. ఆ పని చేసే యంత్రం పేరు క్యాప్నోగ్రాఫ్.

పురుగుమందు తాగినవారు, కట్లపాము కరిచినవారు ఒక్కోసారి సొంతంగా ఊపిరి తీయలేని స్థితికి వస్తారు. అప్పుడు నోటిగుండా శ్వాసనాళంలోకి గొట్టం వేసి, సంచి నొక్కుతూ గాలి పంపుతారు. చిక్కంతా ఇక్కడే ఉన్నది. శ్వాసనాళం వెనుకనే అన్నవాహిక ఉంటుంది. గొట్టం పొరపాటున అందులోకి పోతే గాలి పొట్టలోకి చేరుతుంది. ఛాతీ కదిలినట్టే కనిపించవచ్చు. వేలి మీటరులో అంకె పడిపోవడానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు. ఆక్సిజన్ లేకుండా నాలుగైదు నిమిషాలు గడిస్తే మెదడు దెబ్బతింటుంది. క్యాప్నోగ్రాఫ్ ఉంటే తెరపై గీత లేవకపోవడంతో ఐదారు ఊపిరుల్లోనే పొరపాటు బయటపడుతుంది. వాహనం కుదుపులకు, స్ట్రెచర్ దించేటప్పుడు గొట్టం జారినా వెంటనే తెలుస్తుంది. మన రోడ్ల సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఆరోగ్యవంతుల్లో ఈ అంకె 35 నుంచి 45 వరకు ఉంటుంది. తలకు దెబ్బ తగిలిన వారికి కంగారులో సంచి గబగబా నొక్కితే అది పడిపోతుంది. దానితో మెదడులోని రక్తనాళాలు కుంచించుకుపోయి, అసలే దెబ్బతిన్న మెదడుకు రక్తం తగ్గుతుంది. గుండె ఆగినవారికి ఛాతీ నొక్కుతున్నప్పుడు అంకె 10 కన్న తక్కువుంటే నొక్కడం సరిగా సాగడం లేదేమో చూసుకోవాలి. హఠాత్తుగా 40 దాకా లేచిందంటే గుండె మళ్ళీ కొట్టుకోవడం మొదలైందనడానికి అది గుర్తు.

గొట్టం వేసిన రోగులకు ఈ యంత్రాన్ని ఎడతెగకుండా వాడాలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2010లోనే సిఫారసు చేసింది. బ్రిటన్‌లో 2011లో వెలువడిన జాతీయ పరిశీలన మరీ ఆలోచింపజేసేది. ఇంటెన్సివ్ కేర్ వార్డుల్లో శ్వాసమార్గపు ప్రమాదాల వల్ల జరిగిన మరణాలు, శాశ్వత మెదడు నష్టాల్లో 100కు 70కి పైగా ఈ యంత్రం వాడకపోవడం కూడా ఒక కారణమని అది తేల్చింది.

మన 108 సర్వీసు 2005 ఆగస్టు 15న మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జూలై 1న ఒకేసారి 412 కొత్త 108 వాహనాలను ప్రారంభించారు. వాటిలో 104 అధునాతన వైద్య సదుపాయాలున్నవి. వాహనాల లెక్క చెప్పినంత తరచుగా లోపలి యంత్రాల లెక్క చెప్పరు. ఏ మండలపు వాహనంలో ఏ యంత్రం ఉన్నది, అది పనిచేస్తున్నదా అనేది జిల్లా సమీక్షా సమావేశాల్లో ప్రజాప్రతినిధులు అడిగి తెలుసుకోవలసిన విషయం.

యంత్రం ఇచ్చి ఊరుకుంటే కూడా లాభం లేదు. ఊపిరిలోని తేమకు సన్నని గొట్టం మూసుకుపోతుంది, దాన్ని మారుస్తుండాలి. తెరపై గీతను చదవడం సిబ్బందికి నేర్పాలి. పెద్ద యంత్రం కొనే స్తోమత లేని చోట రంగు మారే చిన్న డబ్బీ ఒకటున్నది. గొట్టం చివర తగిలిస్తే, సరైన చోట ఉన్నప్పుడు లోపలి కాగితం ఊదా నుంచి పసుపుకు మారుతుంది. రోగి అంతకుముందు సోడా తాగి ఉంటే కడుపులోని గాలికి కూడా కాసేపు పసుపు కనిపించవచ్చు. అందుకే ఆరు ఊపిరులు ఇచ్చాక చూసి నిర్ధారించుకోవాలి.