తెర వెనుక అన్న

డాక్టరు కొడుకు డాక్టరైతే ముచ్చటపడతాం. నటుడి కొడుకు నటుడైతే మాత్రం వెంటనే తక్కెడ తీస్తాం. అవతలి తట్టలో కూర్చునేది కన్నతండ్రే!

ఘట్టమనేని రమేష్ బాబు సంగతి చూడండి. 1974లో కృష్ణగారు 'అల్లూరి సీతారామరాజు' తీసినప్పుడు, అందులో చిన్ననాటి సీతారామరాజు ఆయన పెద్దబ్బాయి రమేషే. 1987లో 'సామ్రాట్'తో కథానాయకుడయ్యారు. మరుసటి ఏడు 'ముగ్గురు కొడుకులు'లో తండ్రి, తాను, చిన్నారి తమ్ముడు మహేష్ కలిసి నటించారు. 1997లో 'ఎన్‌కౌంటర్' తర్వాత నటన విరమించారు. తండ్రి ఎత్తును అందుకోలేదని జనం తేల్చేశారు.

కథ అక్కడితో అయిపోలేదు. హైదరాబాదులో మధుర మీనాక్షి గుడిని సెట్టుగా నిలబెట్టి తీసిన 'అర్జున్' 2004లో వచ్చింది. నాయకుడు తమ్ముడు, నిర్మాత అన్న!

రమేష్ బాబు 2022 జనవరి 8న కన్నుమూశారు. రంగు కడుక్కున్నవాణ్ణి ఓడినవాడనడం మనకు అలవాటు. కాని నాటకంలో పద్యం పాడేవాడికే వన్స్‌మోర్. హార్మోనియం పట్టినవాడు లేకపోతే ఆ పద్యం ఎలా రక్తికడుతుంది చెప్పండి?